గడి లేని సంగతి

నవంబరు. మధ్యాహ్నం మూడింటికే వీధి దీపాలు.
బోత్నియా ఖాతం ఒడ్డున, మూతపడ్డ కాగితం మిల్లు వెనక
పిల్లల ఆరోగ్య కేంద్రంలో
ముప్ఫై ఒక్క ఏళ్ళు బిడ్డల్ని తూచాను.
తూకం పళ్ళెం చల్లగా ఉంటుందని
ముందు అరచేతులానించి వెచ్చబెట్టేదాన్ని.
గర్వంగా చెప్పుకోడానికి అదొక్కటే మిగిలింది.

నిన్న కిరాణా దుకాణం గుమ్మంలో మార్యుత్.
"ఇర్మెలీ, సోహ్వి గది తలుపు తియ్యడం లేదు," అంది
పలకరింపైనా లేకుండా.
"పదిహేనేళ్ళు. ఆగస్టు నుంచి బడికి పోలేదు.
చొక్కా చేతులు వేళ్ళదాకా లాక్కునే ఉంటుంది,
పొయ్యి పక్కన కూచున్నా సరే."
తర్వాత పాల ధర గురించి మాట్లాడింది.

ఇంటికొచ్చి కోటు విప్పకుండా కూలబడ్డాను.
సోహ్వి. ఆరో నెల తనిఖీ.
నా చేతిరాత నాకు కళ్ళకు కట్టినట్టుంది:
బరువు ఏడు కిలోల రెండు వందలు.
డి విటమిన్ చుక్కలు వేస్తున్నారు.
ఏడవదు. చాలా మంచి పాప.
"మంచి పాప" కింద గీత కూడా గీశాను.

సూది దిగినప్పుడు మిగతా పిల్లలు పైకప్పు లేపేవాళ్ళు.
ఈ పిల్ల తల్లి మొహంలోకి చూసింది.
తల్లి కిటికీలోకి చూస్తోంది.
తర్వాత నా వైపు చూసింది.
నేను గడియారం చూస్తున్నాను.
పెదవి ఒకసారి వణికి,
ఆగిపోయింది.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు.
అడిగి అడిగి, ఆరు నెలలకే అడగడం మానేసినవాళ్ళ గురించి
సామెత లేదు.

మార్యుత్‌ని ఏమీ అనకండి.
కాన్పు తర్వాత ఆమెకు పగలు తెల్లారలేదు.
తేముకి మిల్లులో పని పోయింది,
నాలుగేళ్ళలో మూడు ఇళ్ళు మారారు,
మూడింట్లోనూ గోడలు పల్చన, గొంతులు పెద్దవి.
ఆమె కిటికీలోకి చూస్తుంటే
ఆమెను చూసిందెవరు?
నా కాగితంలో పాలపళ్ళకి గడి ఉంది, పొగాకుకి గడి ఉంది.

నాలుగో ఏడు, బొమ్మ వెయ్యమన్నాను.
అమ్మ, నాన్న, కుక్క, మెట్లు.
"నువ్వేవీ?" అన్నాను.
"నేను పెన్సిల్ పట్టుకున్నాను కదా," అంది.
ఎంత నవ్వుకున్నానో! కాఫీ గదిలో అందరికీ చెప్పాను.
పెన్సిల్ పట్టు: బాగుంది, అని రాశాను.

మరి ఆర్తు ఉన్నాడు. వాడి ఫైలు ఇంతకన్నా లావు.
తండ్రి జైల్లో, తల్లి సీసాలో.
ఇప్పుడు మంచు తోసే బండి నడుపుతూ
నన్ను చూస్తే హారను కొడతాడు.
కింద వాటాలో ఒక ముసలావిడ ఉండేది,
ఏ అర్ధరాత్రి తలుపు కొట్టినా అట్లు పోసేది.
అంతే. అదీ నా కాగితంలో లేదు.

విత్తనం అంటే ఒప్పుకోను. విత్తనం మొలిచే తీరుతుందంటారు.
మా ఊరి మంచు అనండి.
నవంబరులో పడ్డదాన్ని ఎవరూ లెక్కచెయ్యరు,
మార్చిలో కప్పు విరిగితే
రాత్రి పడ్డ గుప్పెడు మంచునే తిడతారు.
ఫోను అంటారు, స్నేహితులంటారు, వయసు అంటారు.
పార పట్టుకుని ఎక్కితే
ఫిబ్రవరిలో కూడా దించొచ్చు.

ఇవాళ బస్సెక్కి వెళ్ళాను.
మార్యుత్ కాఫీ పెట్టింది, చేతులు వణుకుతున్నాయి,
ముందు ఆ చేతులు పట్టుకున్నాను, పదిహేనేళ్ళు ఆలస్యంగా.
తర్వాత ఆ తలుపు ముందు నేలమీద కూచున్నాను.
మోకాళ్ళు ఒప్పుకోలేదు. అయినా.
"సోహ్వీ, నేను నిన్ను తూచినదాన్ని.
తప్పు తూచాను," అన్నాను.

చాలాసేపు ఏమీ లేదు.
ఉన్నట్టుండి ఏదో వచ్చి తలుపుకు తగిలి పగిలింది.
"పొండి!" అని కేక, ఆ వెనకే
వెక్కిళ్ళు, దాచుకోని వెక్కిళ్ళు.
మార్యుత్ బెదిరిపోయింది.
నేను కదల్లేదు. జేబులో పెన్సిల్ దొరికింది,
కాగితం లేక కిరాణా రసీదు వెనక రాసుకున్నాను:

ఏడుస్తుంది.
గొంతు బాగుంది.
మళ్ళీ తనిఖీ: రేపు.